సిర్కా అయ్యేలోపల

ద్రాక్షసారా ఎన్నడూ రుచి చూడనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. రుచి చూసినవాళ్ళకు చదివే తీరిక ఉండదు. దాన్ని గురించి మాట్లాడటంతోనే వాళ్ళకు పొద్దు గడిచిపోతుంది. ఈ సంగతి నాకు కన్నయ్య ముదలియారుగారితో కలిసి ప్రయాణం చేశాక తెలిసింది.

ముదలియారుగారికి సికిందరాబాదులో విలాయతీ సరుకుల దుకాణం ఉంది. మొదలు, వడ్డీ రెండూ బాగా తెలిసిన మనిషి. యుద్ధం వచ్చి ఓడలు రావడం మానేశాక ఆయన దుకాణంలో అరలు ఒక్కొక్కటే బోసిపోయాయి. బిస్కెట్లు లేకపోతే దొరలు ఊరుకున్నారట, సబ్బు లేకపోయినా ఊరుకున్నారట, ఎర్రసారా సీసా లేదంటే మాత్రం కర్ర చప్పుడు చేస్తూ వెళ్ళిపోయారట. అప్పుడు ఎవరో చెప్పారు ఆయనకు, జహీరాబాదు దగ్గర చిరాగ్‌పల్లిలో తాతల నాటి నల్లద్రాక్ష తోట ఉందని, వాళ్ళ ఇంట్లో ఏటా జాడీలకొద్దీ రసం పులుస్తుందని. ఆయన వెంటనే పెట్టె సర్దుకున్నారు. కొత్త సారాను నలుగురికీ జాహీరు చేయాలంటే నాలుగు ముక్కలు తెలుగులో రాసేవాడు కావాలి. బడిలో సారంలేని పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి, సారాకు సారాంశం రాసి పెట్టమని నన్ను పిలిచారు.

నా అర్హత చెప్పుకోవాలి. చలికాలంలో దగ్గు వస్తే వైద్యుడిచ్చిన ద్రాక్షారిష్టం రాత్రిపూట రెండు చెంచాలు తాగుతాను. అంతే. మా ఆవిడ మాత్రం, “ఇంట్లో చారు రుచి పట్టదు గాని, ఊరుకాని ఊళ్ళో సారా రుచి చూడబోతున్నారా?” అంది. నా గురించి ఇంత క్లుప్తంగా ఇంకెవరూ రాయలేదు.

వికారాబాదు దాకా

బండిలో ముదలియారుగారు కిటికీ పక్కన కూచున్నారు. ఒళ్ళో ఒక చెక్కపెట్టె. అందులో సన్నని కాడలున్న గాజుగ్లాసులు, గడ్డిలో పొదగేసిన గుడ్లలాగా. బండి కుదిపినప్పుడల్లా ఆయన పెట్టెను జోకొట్టేవారు. ఎదుటి బల్లమీద నిజం పిల్లను జోకొడుతున్న ఒక తల్లి ఆయన వంక జాలిగా చూసింది.

“పంతులుగారూ, ముందు కన్ను, తర్వాత ముక్కు, ఆ తర్వాతే నాలుక. ఈ వరుస తప్పకూడదు” అని మొదలుపెట్టారు.

“మా ఇంట్లో చారుకు చెవి కూడా కావాలండి. పోపు చిటపట వినబడాలి.”

ఆయన నవ్వలేదు. రసజ్ఞుల ముందు రసం మాట ఎత్తకూడదని అప్పుడే అర్థం చేసుకోవలసింది.

“ముసలి తీగ విలువ మీకు తెలీదు. కాపు తక్కువ. పండు చిన్నది, తోలు మందం, లోపల రసం కొంచెం. వేళ్ళు లోపల్లోపలికి పోయి రాయిని నాకుతాయి. ఆ కొంచెం రసంలోనే ఉంటుందండీ మహత్యమంతా.”

మా బడిలో ముసలి పంతుళ్ళను తలుచుకున్నాను. కాపు తక్కువ, తోలు మందం, అంతవరకూ సరిపోయింది. మహత్యం దగ్గర ఆగిపోయింది.

అసలు సంగతి ఆయన లింగంపల్లి దాటాక చెప్పారు. ఆ తోట ఖాసిం సాబ్ అనే ఆయనది. తమ్ముడు జాఫర్ మియాకు అందులో సగం వాటా ఉంది. యుద్ధం రోజుల్లో బెల్లానికి గిరాకీ పెరిగింది గనుక తీగలు పీకి చెరకు పెడదామని తమ్ముడి పట్టు. ఈ ఎండాకాలం తోట నుంచి చేతికేమైనా వస్తే సరే, లేకపోతే వానలకు ముందు నాగలి దిగుతుంది. “నేను వాళ్ళ సారా కొంటే ఆ తోట బతుకుతుంది, లేకపోతే లేదు” అన్నారు ముదలియారుగారు, ఆకాశవాణి పలికినట్టు. తోట బతికితే తన దుకాణం కూడా బతుకుతుందన్న ముక్క మాత్రం ఆకాశంలోనే ఉంచుకున్నారు.

వికారాబాదులో బీదరు వైపు బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద మిరపకాయ బజ్జీలు తిన్నాం. నూనె రంగు చూసి, “కన్ను, ముక్కు అయినవండీ, ఇక నాలుకేనా?” అన్నాను. ఆయన అప్పటికి నాలుగు తిన్నారు. బజ్జీకి వరుస అక్కర్లేదట.

జహీరాబాదు

జహీరాబాదు స్టేషన్ కనబడటానికి ముందే వాసనొస్తుంది. అల్లం బస్తాలు. ప్లాట్‌ఫారం మీద, బయట చెట్టు కింద, బండ్లమీద, ఎక్కడ చూసినా అల్లమే. ముదలియారుగారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఈ ఘాటుకు ముక్కు చెడిపోతే రేపు సారా వాసన పట్టదని భయం. ఊరంతా ముక్కు తెరుచుకుని హాయిగా తిరుగుతుంటే, వాసనల పండితుడొక్కడే ముక్కు మూసుకుని నడిచాడు.

చాయ్ తాగాం. హైదరాబాదులోకన్నా చవక, రెట్టింపు తీపి. ముదలియారుగారు ఇంగ్లీషు రూపాయి ఇస్తే చాయ్‌వాడు అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని తక్కువ విలువున్న నిజాం హాలీ రూపాయి లెక్కన కట్టి చిల్లర ఇచ్చాడు. తేడా అడిగితే, “గా రాజు బొమ్మ ఈడ ఎవలకు ఎరుక సేట్?” అన్నాడు. వడ్డీ తెలిసిన మనిషి మొదట్లోనే నష్టపోయాడు.

అక్కడినుంచి ఎద్దుబండి. చిరాగ్‌పల్లి దారిలో ఒక వాగు గుంత వచ్చింది. బండివాడు “పట్కోన్రి సాబ్!” అన్నాడు. నేను బండిని పట్టుకున్నాను, ముదలియారుగారు టోపీని పట్టుకున్నారు. పెట్టెను ఎవరూ పట్టుకోలేదు. కిందపడ్డ చప్పుడు చాలా శ్రావ్యంగా ఉందని చెప్పక తప్పదు. ఒక్క గ్లాసు మిగల్లేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ప్రయాణం మొత్తంలో నాకు దొరికిన విశ్రాంతి అదే.

చిరాగ్‌పల్లి

ఖాసిం సాబ్‌కు అరవై దగ్గరపడి ఉంటాయి. తెల్ల గడ్డం, పొలంలో నానిన కాళ్ళు, ఇస్త్రీ చేసిన మాటలు. మేం కూర్చోగానే ఇంత బెల్లం ముక్క, చెంబుతో నీళ్ళు వచ్చాయి. మా వైపు వచ్చినవాడికి నీళ్ళు మాత్రమే ఇస్తాం, వాడు తీపి కబురు తెచ్చాడో లేదో తెలిశాకగాని తీపి సంగతి ఆలోచించం. ఇక్కడ కన్నడ దేశం గాలి తగిలి, నోరు ముందే తీపి చేస్తారు. తర్వాత చేదు మాట చెప్పడం కష్టమవుతుంది. ముదలియారుగారికి కష్టం కాలేదు. నీళ్ళు దిగకముందే బేరం మొదలుపెట్టారు.

“సారా ఎంతుంటే అంత కొంటాను సాబ్. ఆబ్కారీ పర్మిట్లన్నీ నా దగ్గరున్నాయి.”

ఖాసిం సాబ్ చెంబు కింద పెట్టారు. “సేట్, మా ఇంట్ల సారా లేదు.”

“జాడీల్లో ఉన్నదేమిటి మరి?”

“సిర్కా. ఇంక గాలే గాని, అయితది.”

చదివేవాళ్ళకు ఇక్కడ కొంచెం చెప్పాలి. సిర్కా అంటే ద్రాక్ష పులుపు, పచ్చళ్ళలో వేసేది, హకీములు మందులో కలిపేది. ద్రాక్షరసం జాడీలో పోసి ఊరికే ఉంచితే ముందు సారా అవుతుంది, ఆ తర్వాత సిర్కా అవుతుంది. సిర్కా వాళ్ళకు హలాల్. నడుమ ఉన్న ఆ సారా హరాం. ముట్టకూడదు, అమ్మకూడదు. అందుకని పండు పిండి జాడీల్లో పోశాక ఆ గదికి తాళం వేస్తారు. రసం తన పాపం తాను కడుక్కుని బయటికి వచ్చేదాకా ఇంట్లోవాళ్ళెవరూ లోపలికి పోరు.

“పోనీ, వచ్చే ఏడు పండే అమ్మండి. మేమే పిండుకుంటాం” అన్నారు ముదలియారుగారు.

“సారా కోసమని తెల్సి అమ్మితె, సారా అమ్మినట్లే గదా సేట్.” ఆ మాట కోపంగా అనలేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు అన్నారు.

గోడకు ఆనుకుని నిలబడ్డ జాఫర్ మియా ముందుకు వచ్చాడు. అన్నకన్నా పదేళ్ళు చిన్న, అన్నకన్నా పదేళ్ళు అలిసిపోయిన ముఖం. “భాయ్‌జాన్ ఇట్లనే అంటడు. సిర్కా కొనేటోడేడి? అందరు చింతపండుకే మరిగిన్రు. బాయిల నీళ్ళన్ని ఈ ముసలి తీగలు తాగుతున్నయ్, నా పిల్లలేం తినాలె? అమ్ముడైతె ఉంచుదాం, లేకుంటె వానలకు ముందే తీసేద్దామని మాట అనుకున్నం.”

“అనుకున్నం” అన్నారు ఖాసిం సాబ్. “నేను కాదన్ననా?”

సాయంత్రం తోట చూశాం. ద్రాక్షతోట అంటే పందిళ్ళు, గుత్తులు, నీడ అని ఊహించుకుని పోయాను. కోత అయిపోయి చాలా రోజులైంది. ఎర్రనేలమీద వంకర్లు తిరిగిన మొద్దులు, తొడంత లావున, బెరడు పీలికలు పీలికలుగా. దూరం నుంచి చూస్తే పాత గొంగళ్ళు కప్పుకుని కూచున్న మనుషుల్లా ఉన్నాయి. వాళ్ళ తాత దౌలతాబాదునుంచి కొమ్మలు ఎద్దులబండిమీద తెచ్చి నాటాడట. ముదలియారుగారు టోపీ తీసి ఒక మొద్దును తడిమారు. నేను కూడా తడిమాను. ఒక ఎర్రచీమ కుట్టింది. మహత్యం నా దాకా ఆ రూపంలోనే వచ్చింది.

రాత్రి భోజనం జొన్నరొట్టె, పుల్లటి పప్పు. నేను మాంసం తిననని తెలిసి నాకు వేరేగా వండారు. పక్కన పోయినేటి సిర్కాలో నానేసిన అల్లం ముక్కలు. సన్నగా తరిగి, కొంచెం ఉప్పు వేసి. ఘాటు, పులుపు, ఆఖర్న ఎక్కడో ద్రాక్ష తీపి. ఇంత మంచి వస్తువు కాకముందే దాన్ని తాగేయాలని ఒక మనిషి సికిందరాబాదునుంచి వచ్చాడా అని నాకు ఆశ్చర్యం వేసింది.

“ముట్టకూడదంటున్నారు, మరి సిర్కా అయిందో లేదో ఎట్లా తెలుస్తుంది సాబ్?” అని అడిగాను.

ఖాసిం సాబ్ గడ్డంలోనే నవ్వుకున్నారు. “దానికి మాకు పటేలున్నడు. రేపు పొద్దుగాల వస్తడు.”

పటేలుగారి నాలుక

మాణిక్‌రెడ్డి పటేలు మొగుడంపల్లి దిక్కు ఊరాయన, ఖాసిం సాబ్‌తో కలిసి ఒకే మౌల్వీ దగ్గర ఉర్దూ చదువుకున్నవాడు. అరవై దాటినా ఆరోగ్యం అంటే ఏమిటో ఎవరికైనా చూపించదగ్గ ముఖం. ఏటా రసం పులిసే రోజుల్లో ఆయన వచ్చి, తాళం తీయించి, జాడీ జాడీ రుచి చూసి “అయింది” అనో “ఇంక గాలే” అనో చెప్పాలి. ఆయన “అయింది” అన్న జాడీనే ఇంట్లోవాళ్ళు ముడతారు. ఇది వాళ్ళ నాన్నల నాటినుంచి వస్తున్న పద్ధతి. ఖాసిం సాబ్ తండ్రికి పటేలు తండ్రి నాలుక, ఖాసిం సాబ్‌కు ఈయన నాలుక. మతం ఒప్పని పనికి స్నేహితుడి నోరు అరువు.

పద్ధతి మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, పటేలుగారి “ఇంక గాలే” ఏటేటా పొడుగవుతూ వస్తున్నది.

ఆయన వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే పరదా వెనకనుంచి ఖాసిం సాబ్ తల్లి గొంతు వినబడింది. “ఏం పటేలా! ఈ యేడన్న మా సిర్కా బోనాలకు అయితదా, పీర్లకు అయితదా?”

“అమ్మా, నేనేం చేత్త? తొందరపడితె రుచి పోతది” అన్నాడు పటేలు అమాయకంగా.

“నీ రుచా, నా సిర్కా రుచా?”

అందరూ నవ్వారు. జాఫర్ మియా కూడా కొంచెం నవ్వబోయి ఆపుకున్నాడు.

ముదలియారుగారు తనూ లోపలికి వస్తానన్నారు. ఖాసిం సాబ్ ఆలోచించి, “తాగనీకె అయితె వద్దు సేట్. సిర్కా అయిందో లేదో చూడనీకె అయితె పోన్రి. పటేలుకు సాక్ష్యం ఉంటది” అన్నారు. ఆ విధంగా నేను కూడా సాక్షినయ్యాను. సారా కేసులో సాక్ష్యం తాగకుండా చెప్పడం ఎట్లా అన్నది ఏ కోర్టులోనూ తేలలేదనుకుంటాను.

ఇంటి గిన్నెలు ఈ పనికి ఇవ్వరు. ముదలియారుగారి గ్లాసులు వాగులో ఉన్నాయి. పటేలు చంకలోంచి మోదుగాకు దొప్పల కట్ట తీశాడు. “కల్లుకు పనికొచ్చేది దీనికి పనికి రాదా?” అన్నాడు. ముదలియారుగారు ఆ దొప్పను పట్టుకున్న తీరు చూస్తే, రాణిగారిని ఎద్దుబండి ఎక్కించినట్టుంది.

తాళంగది

గది చల్లగా, చీకటిగా ఉంది. జాడీలు రెండు వరుసలు. మూతులకు బట్ట, బట్టమీద తాడు. ఖాసిం సాబ్ తలుపు దగ్గరగా వేసి, బయట గడపమీద మాకు వీపు పెట్టి కూర్చున్నారు.

తలుపు పక్కనున్న జాడీ పటేలు ముందు విప్పాడు. మూత తీయగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది సిర్కా అని చెప్పడానికి పటేలు నాలుక అక్కర్లేదు, వీధిలో పోయే మేక చాలు. పటేలు కొంచెం నోట్లో వేసుకుని, నుదురు ముడిచి, దీర్ఘంగా ఆలోచించాడు.

“అయిందా పటేలా?” బయటనుంచి ఖాసిం సాబ్.

“జర అనుమానం ఉన్నది ఖాసిం భాయ్! ఇంక గాలేనేమో! కడమ జాడీలు జూసి చెప్త!”

నాకేసి కన్ను కొట్టాడు. నేను సాక్షిని గనుక గోడవంక చూశాను.

వెనక వరుస జాడీలు వేరు. చల్లని గోడ పక్కన ఉండటం వల్ల అవి ఇంకా సారాగానే ఉన్నాయి. దొప్పలో పోస్తే రంగు కనబడలేదు, నల్లగా ఉంది. ముదలియారుగారు దొప్పను సందు వెలుతురులోకి ఎత్తి చూశారు. కన్ను అయింది. ముక్కు దొప్పలో ముంచారు. మోదుగాకు వాసన, అల్లం వాసన, తన నశ్యం వాసన, అన్నీ దాటుకుని ఏదో దొరికింది ఆయనకు. ఒక గుక్క తీసుకుని, బుగ్గ నుంచి బుగ్గకు తిప్పి, మూలనున్న బూడిదకుప్పలోకి ఉమ్మేశారు.

పటేలు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. “బాగలేదా సేటు?”

“బ్రహ్మాండం!”

“మరి ఉమ్మినవ్?”

“తెలిసినవాళ్ళు మింగరు.”

“గట్లనా” అన్నాడు పటేలు. “అయితె నేను తెల్వనోన్నే.” దొప్ప ఖాళీ చేశాడు.

ముదలియారుగారు ఏదో చెప్పుకుపోతున్నారు. వెన్నెముక ఉందట, వయస్సు మాట్లాడుతోందట, రాయి పాడుతోందట. ఒక దొప్పెడు రసంలో ఇంతమంది కాపురముంటే అద్దె ఎవరిస్తున్నారో అనుకుంటూ నేనూ ఒక గుక్క తాగాను.

నిజం చెప్పాలి గదా. ముందు నేరేడుపండు వగరు. నాలుక రెండు పక్కలా పట్టి లాగింది. తర్వాత ఇనప పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఒక వాసన. ఇదేనా ఇంత సంబరం అని వెక్కిరించబోతుండగా, వెనకనుంచి మెల్లగా మాడిన బెల్లంలాంటిది ఒకటి వచ్చింది, గొంతులోకి వెచ్చగా దిగింది, దిగినాక పోలేదు. ఒక సీసపద్యం చదివినంతసేపు అక్కడే కూచుంది. సీసా లేకుండానే సీసం. వెక్కిరింత నోట్లోనే ఆగిపోయింది. నాకు ఆ సారామీద నిజంగా కోపం వచ్చింది.

ముదలియారుగారు దొప్ప కింద పెట్టారు. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి పటేలుతో అన్నారు. “పటేలుగారూ, ఒక్క మాట. ఈ వెనక వరుస జాడీలన్నీ అయినవని చెప్పండి. అంతే. ఆయన సిర్కా అనే అమ్ముతాడు, నేను సిర్కా అనే కొంటాను. జాడీలో ఏముందో నా ఖర్మ. ఆయన ముట్టలేదు, చూడలేదు, ఆయనకు ఏ పాపమూ లేదు. తోట నిలుస్తుంది. మీరు ఏటా ఇట్లాగే వస్తారు.”

పటేలు దొప్ప వంక చూశాడు. మాటలో తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టు చూశాడు. ఆ మాటను నేనూ తిప్పి తిప్పి చూశాను. నున్నగా ఉంది. ఎక్కడా చిల్లు కనబడలేదు. అట్లాంటి వాక్యం రాయాలని నేను జీవితమంతా ప్రయత్నిస్తున్నాను.

“తోట నిలబడ్తదా సేటు? నిజంగనా?”

“నా మాట.”

“పంతులుగారూ, మీరైనా చెప్పండి ఆయనకు” అన్నారు ముదలియారుగారు నావైపు తిరిగి. నేను ఇంకో గుక్క తీసుకున్నాను. నోరు నిండా ఉంటే మాటకు చోటుండదు. పండితులకు ఇది పాత రక్షణ.

బయట ఖాసిం సాబ్ లేచిన చప్పుడైంది. ఆయన వెనక జాఫర్ మియా వచ్చి నిలబడ్డట్టు నీడ చెప్పింది. “పటేలా” అన్నారు ఖాసిం సాబ్. ఇందాక అడిగిన గొంతు కాదు. “వెనక వరుసది అయిందా?”

అన్న జవాబు కోసం ఆగినట్టే తమ్ముడూ ఆగాడు. ఆ ఒక్క మాట వస్తే తోటా ఉంటుంది, పిల్లలకు తిండీ ఉంటుంది.

పటేలు మీసం తుడుచుకున్నాడు.

“ఇంక గాలే, ఖాసిం భాయ్” అన్నాడు. “సారనే.”

వాకిట్లో

ముదలియారుగారు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ అరవంలో ఏదో అన్నారు. అర్థం కాకపోయినా అందులో పటేలూ నేనూ ఉన్నామని తెలుస్తూనే ఉంది. చివరికి తెలుగులో, “ఇన్నేళ్ళు అబద్ధాలు చెప్పావటగదయ్యా! తాగడానికి చెప్పావు. ఒక్కసారి తోట కోసం చెప్పలేకపోయావా?” అన్నారు.

పటేలు గడపమీద కూలబడి ఉన్నాడు. “సేటు, అయినదాన్ని గాలే అన్న. దాంతోని ఆయనకేం పోయింది? నాలుగు దినాలు ఆలస్యం. గాని, ఇంక గానిదాన్ని అయింది అంటె ఎట్ల? రేపు ఆయన నమాజుకు నిలవడ్తడు. నా అబద్ధం ఆయన నెత్తి మీద ఎక్కి కూసుంటది. ఆయనకు తెల్వకపోవచ్చు. నాకు ఎరుకనే గదా.”

ఖాసిం సాబ్ వచ్చి పక్కన కూర్చున్నారు. “తలుపుకాడి జాడీ అయింది గదరా?”

పటేలు తలెత్తలేదు. “అయింది.”

“ఎప్పుడు?”

“పది దినాలాయె.”

“నాకు ముక్కు లేదనుకున్నవా?” అన్నారు ఖాసిం సాబ్. “ఏటేట ఎరుకనే. నువ్వు గాలే అన్నన్ని దినాలు మా ఇంటికొస్తవని ఊకున్న.”

పరదా వెనక గాజుల చప్పుడైంది. “నేనే ఊకొమ్మన్న” అంది తల్లి. “వాడు రాకుంటె ఈ ఇంట్ల నవ్వేటోడెవడున్నడు?”

ఇక అనవలసినవాడు జాఫర్ మియా ఒక్కడే. గోడకు ఆనించి ఉన్న గడ్డపార తీసి, అన్న ముఖం వంక చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. “రేపు” అన్నాడు.

“రేపే” అన్నారు ఖాసిం సాబ్. “మాట అనుకున్నం గదా. ఫికర్ చెయ్యకు.”

ఆ రోజు భోజనంలో ముదలియారుగారు సిర్కా అల్లం ముక్క నోట్లో వేసుకుని, చూడకుండా, వాసన పట్టకుండా నమిలి మింగారు. ఇంకో ముక్క అడిగారు.

మొగుడంపల్లి దారిలో

మర్నాడు పొద్దున్నే మా బండి కట్టేలోపల తోటలో పని మొదలైంది. మొద్దులు తీసే ముందు ఖాసిం సాబ్ కత్తెర పట్టుకుని ఒక్కొక్క తీగనుంచీ పెన్సిలంత లావు కొమ్మలు కోశారు. కోసినవాటిని తడిగోనెలో చుట్టి పటేలు భుజాన పెట్టారు. తమ్ముడి గడ్డపార నేలలో దిగిన మొదటి చప్పుడుకు ఆయన ఆ పక్కకు తిరగలేదు. మొద్దులు అంత తేలిగ్గా రాలేదు. జాఫర్ మియా చెమటతో తడిసి, ఒకచోట ఆగి, ఆ వేరు ఎంత పొడుగుందో చేత్తో కొలిచి చూసుకుని, మళ్ళీ తవ్వాడు.

పటేలు పొలం మొగుడంపల్లి దారిలోనే ఉంది. మా బండిమీదే అందరం పోయాం. బావి పక్కన గుంతలు తవ్వి ఉన్నాయి. రాత్రే తవ్వించినట్టున్నాడు. పటేలు మోకాళ్ళమీద కూర్చుని కొమ్మలు నాటుతుంటే, ముదలియారుగారు బండి దిగి పక్కన నిలబడ్డారు. ఊరుకోలేకపోయారు.

“మొగ్గ పైకుండాలి. లోతుగా పెట్టవద్దు” అన్నారు. తర్వాత, తనకు తెలిసిందంతా చెప్పక తప్పని మనిషి గనుక, “పండు మూడేళ్ళకు వస్తుంది. కాని నిన్న మనం తాగిన ఆ రుచి రావాలంటే వేరు కిందికి పోవాలి. ముప్పై, నలభై ఏళ్ళు పడుతుంది” అన్నారు.

“నాకు అరవై దాటినయ్ సేటు” అన్నాడు పటేలు మట్టి అదుముతూ. “నేను తాగుత అని ఎవలన్నరు?”

ముదలియారుగారు టోపీ తీసి బండిలో పెట్టి, ఇంకో కొమ్మ అందించారు. నేను గోనె పట్టుకున్నాను.

ఖాసిం సాబ్ బావిలోంచి బొక్కెన చేదారు. మెల్లగా నడిచి వచ్చి, మొదటి గుంత దగ్గర ఆగారు.

“పటేలా, సారాకు నేను నీళ్ళు పొయ్య” అన్నారు. “తీగకు పోస్త.”

“తీగకే పొయ్యి” అన్నాడు పటేలు, కొమ్మ కదలకుండా రెండు వేళ్ళతో పట్టుకుని. “కడమది నేను జూస్కుంట.”

ఖాసిం సాబ్ బొక్కెన వంచారు.